యాదగిరి పేరు మీద

పోశవ్వ మగ్గం మీద నుంచి జంపఖానాను కోసిన పొద్దున కొత్తవాడలో ఇంకా ఎవరింట్లోనూ పంజా చప్పుడు మొదలు కాలేదు. పడుగు దారాలను గుప్పెడు గుప్పెడు పట్టుకుని కత్తి పెట్టి కోస్తూ పోయింది. ఒక్కో గుప్పెడు తెగినప్పుడల్లా గుడ్డ కాస్త ఒదులై కిందికి జారుతోంది. అది మట్టిలో పడకుండా రెండో కొస మిషన్ గుడి ఊడ్చే శౌరమ్మ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడింది. మూలన నులకమంచం మీద గొంగడి కప్పుకుని కూర్చున్న యాదగిరి లేచి తనూ ఒక చెయ్యి వెయ్యబోయాడు. పోశవ్వ కత్తి ఆపి కొడుకు వైపు ఒక్క చూపు చూసింది. ఇరవై రెండేళ్ల మగపిల్లాడు మళ్లీ గొంగట్లోకి ముడుచుకున్నాడు.

మగ్గం మీద ఉన్నంతకాలం ఏ గుడ్డా తన నిజరూపం చూపించదు. కిందికి దింపి నేల మీద పరిచాకే అది వంకరో సరళమో తెలిసేది. ఇద్దరూ కలిసి వాకిట్లో చాప వేసి దాని మీద పరిచారు. తెల్లటి నడుమ, చుట్టూ నీలిమందు అంచు, నాలుగు మూలలా నాలుగు పూలు. మరియతల్లికి నీలం ఇష్టమని శౌరమ్మే చెప్పింది. యుద్ధం ముగిసినా నూలు మీద కంట్రోలు పోలేదు. ఆ నీలం నూలు కోసం పోశవ్వ సావుకారు పనిలో మిగిలిన కొసలన్నీ మొదట్నుంచీ దాస్తూ వచ్చింది. పొట్టి దారాలను ముడేసి, ముడి పైకి కనబడకుండా లోపలికి నొక్కి నేసింది. ఇప్పుడు వంగి అంచు మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు రాసింది. ఎక్కడా ముడి తగల్లేదు. అప్పుడు గాని ఆమె ముఖం విచ్చుకోలేదు.

జంపఖానా ఒంటి చేత్తో అయ్యే పని కాదు. పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. పేక ఉండను నడిమిదాకా ఒకరు తెస్తే అక్కణ్నుంచి రెండోవాళ్లు అందుకోవాలి. ఆ మీదట ఇనుపపళ్ల పంజాతో ఇద్దరూ ఒక్క జోరున కొట్టాలి. ఒకరి దెబ్బ గట్టిగా, ఇంకొకరిది మెత్తగా పడితే గుడ్డ ఒకవైపు గుంజుకుపోతుంది. పోశవ్వ పక్కన ఎప్పుడూ కూర్చునేవాడు యాదగిరి. వానాకాలంలో వాడు పెద్దజ్వరంతో మంచం పట్టాడు. మిషన్ దవాఖానలో సిస్టరమ్మలు వాణ్ని మృత్యువు నోట్లోంచి లాక్కొచ్చారు. వాడి చోట్లో శౌరమ్మ వచ్చి కూర్చుంది. దవాఖానకు దారి చూపించింది ఆమే, జ్వరం తలకెక్కిన రాత్రి పోశవ్వ చెయ్యి పట్టుకుని గుళ్లోకి తీసుకుపోయి మరియతల్లి ముందు నిలబెట్టిందీ ఆమే. పిల్లవాడు బతికితే జంపఖానా నేసి పాదాల దగ్గర పరుస్తానని పోశవ్వ అక్కడే మొక్కుకుంది. శౌరమ్మ పుట్టి బుద్ధెరిగాక మగ్గం ముట్టని మనిషి. మొదట్లో ఆమె దెబ్బ పిల్లి నడిచినట్టు పడేది. ఆమె గుడి ఊడ్చే పనికి వెళ్లిపోయాక పోశవ్వ ఆ సగం విప్పి మళ్లీ గట్టిగా కొట్టి కూర్చునేది. ఆ సంగతి ఆమెకు తెలియనిచ్చేది కాదు. పోనుపోను శౌరమ్మ చెయ్యి కుదిరింది. విప్పే పని తప్పింది.

ఆ వాడలో ఇదేం అందరికీ నచ్చిన వ్యవహారం కాదు. మన దేవతలంతా ఎటు పోయారని కులపెద్ద గుండయ్య వాకిట్లో నిలబడి అడిగి పోయాడు. పోశవ్వ అతనితో వాదన పెట్టుకోలేదు. పిల్లవాడు పోతున్నప్పుడు ఎవరు పలికితే వాళ్లే తల్లి అనుకుంది, అంతే. మొక్కిన మొక్కు చెల్లించకపోతే మాత్రం ఏ తల్లీ ఊరుకోదని ఆమెకు గట్టి నమ్మకం.

ఆ చెల్లించడంలోనే ఒక చిక్కుంది. పోశవ్వ ఎరిగిన దేవతలందరి దగ్గరా పద్ధతి ఒక్కటే. మొక్కు ఎవరి కోసమో వాళ్ల పేరు పూజారి దేవత ముందు నోరారా పలకాలి. పలికిన పేరుకే మొక్కు చెల్లుతుంది, పలకని పేరు బాకీలోనే ఉంటుంది. నర్సంపేటలో ఆమె ఆడబిడ్డ చిన్నకొడుకు కోసం మేకను మొక్కింది. పూజారి తాగిన మైకంలో పెద్దకొడుకు పేరు పలికాడు. ఆ చిన్నవాడు ఏడాది తిరక్కుండా పోయాడు. అది కలరా అని నలుగురూ అన్నారు. పోశవ్వకు మాత్రం అది కలరా కాదు.

అందుకే జంపఖానా మడత పెడుతూ ఆమె శౌరమ్మకు ఆ మాట మళ్లీ చెప్పింది. ఎన్నోసారో ఆమెకే తెలియదు.

"చెల్లె, నాకు ఇంకేం అద్దు. పండుగనాడు అందరి ముందట ఫాదర్ నోటితోని ఒక్కసారి యాదగిరి అనాలె. కైలాసం కొడుకు యాదగిరి. గంతే."

"అంటడు అక్కా. నేను చెప్త గదా," అంది శౌరమ్మ. మడత మీద చెయ్యి తీయలేదు. నీలి అంచును బొటనవేలితో అటూ ఇటూ నిమురుతూ ఉండిపోయింది.

శౌరమ్మ పెనిమిటి రాయప్ప ఆ గుళ్లో ఉపదేశి. ఊళ్లు తిరిగి జపాలు నేర్పిన మనిషి. రఘునాథపల్లి దాకా కాలినడకన పోయి పసిపిల్లల జ్ఞానస్నానాలకు ఫాదర్లను తీసుకొచ్చేవాడు. పోయిన క్రిస్మస్ ముందర పాము కరిచి పోయాడు. ఆయన్ని ఎరిగిన పాత ఫాదర్ వెళ్లిపోయి గుంటూరు వైపు నుంచి చిన్నప్ప ఫాదర్ వచ్చాడు. కొత్త ఫాదర్‌కు శౌరమ్మ అంటే గుడి ఊడ్చి, కంచు దీపాలు తోమే మనిషి, గుడి వెనక గదిలో ఉంటుంది. ఆ గదీ ఎన్నాళ్లో తెలియదు. అక్కడికి కొత్త ఉపదేశి వస్తాడంటున్నారు. ఇవన్నీ శౌరమ్మ పేక అందిస్తూ చెప్పుకునేది. పోశవ్వ పంజా కొడుతూ వినేది, మధ్యాహ్నం తన జొన్న గట్కలో సగం ఆమె గిన్నెలో పోసేది.

క్రిస్మస్ పండుగ ముందునాడు జంపఖానాను పోశవ్వ స్వయంగా మోసుకుపోదామనుకుంది. శౌరమ్మ వద్దంది. ఫాదర్ పొద్దంతా జనం తమ పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనాలు వింటూ కూర్చుంటాడట, ఊళ్ల నుంచి జనం బండ్లు కట్టుకుని దిగుతున్నారట, ఆ సందడిలో మాట్లాడనివ్వరట. తాను తీసుకుపోయి అమ్మ పాదాల దగ్గర పరిచి ఫాదర్ చెవిన వేస్తానంది. పోశవ్వకు అది సబబుగానే తోచింది. వాళ్ల గుడి, వాళ్ల పద్ధతి, తనకేం తెలుసు. చుట్టిన జంపఖానాను ఎత్తి శౌరమ్మ నెత్తి మీద పెట్టింది. బరువుకు శౌరమ్మ మెడ ఒకసారి ఊగింది. పోశవ్వ గబుక్కున పట్టుకుని శౌరమ్మ కొంగునే చుట్టకుదురు చేసి దాని కింద పెట్టింది. వాడ మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడి చూసింది. బిడ్డను అత్తారింటికి సాగనంపినట్టుంది ఆమెకు, నవ్వుకుంది కూడా.

పండుగనాడు పోశవ్వ తలస్నానం చేసి, పెట్టె అడుగు నుంచి పెళ్లినాటి చీర తీసి కట్టుకుంది. చలి తగ్గేదాకా పిల్లవాణ్ని బయటికి తేవద్దని సిస్టరమ్మ చెప్పింది కాబట్టి యాదగిరిని ఇంట్లోనే ఉంచింది. అయినా వాడికీ వేణ్నీళ్లు పోసి, నుదుట బొట్టు పెట్టి, ఫాదర్ పేరు పలికే వేళకు శుద్ధంగా కూర్చొమ్మని చెప్పి బయల్దేరింది. ఆ వేళ తనకెలా తెలుస్తుందని వాడు నవ్వాడు. నవ్వకురా అని కసిరింది.

గుడి బయట చింతచెట్ల కింద బండ్లు విప్పి ఉన్నాయి. ఊళ్ల నుంచి వచ్చిన జనం రాళ్ల పొయ్యిల మీద వంటలు పెట్టుకున్నారు. గోడలకు కొత్త సున్నం వాసన పోలేదు. వాకిలికి మామిడాకులు, రంగుకాగితాల నక్షత్రాలు. లోపల ఒక మూల గడ్డి కప్పి చిన్న పశువుల పాక కట్టారు. అందులో బాలయేసు, మట్టి ఆవులు, గొర్రెలు. పోశవ్వ అవేం సరిగా చూడలేదు. ఆడవాళ్ల వైపు నుంచి మెడ సాచి మరియతల్లి పీఠం వంక చూసింది.

పరిచి ఉంది. అమ్మ పాదాల కింద మెట్టు నుంచి ముందుకు తెల్లగా, నీలంగా పరుచుకుని ఉంది. నాలుగు పూలూ కనబడుతున్నాయి. జనం ఆగి చూసి, చెప్పులు విడిచిన కాళ్లనైనా అంచుకు తగలకుండా పక్కకు జరుపుకుని పోతున్నారు. ఒక ఊరామె వంగి వేళ్లతో తడిమి పక్కామెతో ఏదో అంది. పోశవ్వ ఎద పొంగిపోయింది. ఇన్నేళ్లుగా తన చేతి గుడ్డలు ఎవరెవరి మేడల్లోనో, ఎవరెవరి పెళ్లి పందిళ్లలోనో పరుచుకున్నాయి. వాటిని పరిచిన చోట ఆమె ఏనాడూ చూసి ఎరగదు. ఇదే మొదటిసారి. శౌరమ్మ ఎక్కడుందా అని వెతికింది. ముందు వరసలో, ఇస్త్రీ చేసిన తెల్లచీరలో, తల వంచుకుని మోకాళ్ల మీద ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు.

పూజ సాగింది. ఫాదర్ అటు తిరిగి తెలియని భాషలో చదువుతున్నాడు. గంట మోగినప్పుడల్లా అందరూ వంగితే పోశవ్వా వంగింది, లేస్తే లేచింది. ఆ తర్వాత ఫాదర్ జనం వైపు తిరిగి తెలుగులో మాట్లాడాడు. గొంతు పెద్దది, మాట తీరు గుంటూరుది, కానీ అన్నీ అర్థమవుతున్నాయి. పండుగంటే ఏమిటో చెప్పాడు. దేవుడు ఇచ్చిందానికి తిరిగి దండం పెట్టడమే పండుగ అన్నాడు. ఒక కథ చెప్పాడు. ఒంటి నిండా కుష్ఠుతో పదిమంది యేసుప్రభువు దగ్గరికి వచ్చారట. పదిమందికీ నయమైంది. తొమ్మిదిమంది తమ దారిన తాము ఇళ్లకు పోయారు. ఒక్కడు మాత్రం వెనక్కి వచ్చి కాళ్ల మీద పడ్డాడు. ఆ ఒక్కడూ వాళ్ల కులంవాడు కాదు, వాళ్ల మతంవాడు కాదు, పరాయివాడు.

పోశవ్వ ఒళ్లు జలదరించింది. ఈ కథ ఎప్పటిదో ఆమెకు తెలియదు, ఎవరు రాశారో తెలియదు. కానీ ఇది తన కథే. ఆ పరాయివాడు తానే. శౌరమ్మ ఫాదర్‌కు అంతా పూసగుచ్చినట్టు చెప్పింది కాబోలు, అందుకే ఈ కథ ఎత్తుకున్నాడు. ఇక ఇప్పుడు పేరు వస్తుంది. పోశవ్వ రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని, కొడుకు ముఖాన్ని తలుచుకుంది.

ఫాదర్ పండుగకు కానుకలిచ్చినవాళ్లను ఒక్కొక్కరినే తలిచాడు. దీపాలకు నూనె ఇచ్చినవారు, పూలు తెచ్చినవారు, బియ్యం ఇచ్చినవారు. చివరికి చెయ్యి చాచి జంపఖానా వైపు చూపించాడు.

"దీన్ని చూశారా మీరంతా? మన గుడి ఊడ్చే శౌరమ్మగారు తన వేళ్లు కాయలు కాసేలా నేసిన కానుక ఇది. ఈ గుడికి ఇరవయ్యేళ్లు సేవ చేసి కాలం చేసిన ఉపదేశి రాయప్పగారి ఆత్మశాంతి కోసం మరియతల్లి పాదాల దగ్గర పరిచారు. ఆ పదిమందిలో తిరిగొచ్చిన ఒక్కడెవరంటే, మనకు ఈ తల్లే."

గుళ్లో జనమంతా శౌరమ్మ వైపు తిరిగారు. ఎవరో ఒకామె కళ్లు ఒత్తుకుంది. ఫాదర్ రాయప్ప పేరు మరోసారి పలికి, చనిపోయినవాళ్ల ఆత్మలు శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలంలో ఉన్న ఆయన ఆత్మ కోసం జపం చెప్పించాడు. ఆయన్ని ఎరిగిన ఊళ్లవాళ్లంతా ఒక్క గొంతుతో అందుకున్నారు.

పోశవ్వకు కళ్లు తెరిచాక కూడా కాసేపు ఏమీ కనబడలేదు. పొరపాటు విన్నానేమో అనుకుంది. ఇంకొక జంపఖానా ఏదైనా ఉందేమో అని పిచ్చిగా చుట్టూ చూసింది. తన పేరు రాకపోయినా సరే. పక్కామె పేరు వచ్చినా, ఎవరి పేరు వచ్చినా ఓర్చుకునేది. బతికిన బిడ్డ కోసం మొక్కిన మొక్కు మీద చచ్చిపోయినవాడి పేరు పడింది. ఇంట్లో తలంటుకుని, బొట్టు పెట్టుకుని కూర్చున్న కొడుకు కళ్ల ముందు మెదిలాడు.

పూజ ముగిశాక శౌరమ్మ గుడి వెనక చేదబావి దగ్గర దొరికింది. ఊళ్లవాళ్లు ఒకరొకరే వచ్చి రాయప్పను తలుచుకుని, ఆమె చేతులు పట్టుకుని వెళుతున్నారు. వాళ్లంతా పోయేదాకా పోశవ్వ దూరంగా నిలబడింది. శౌరమ్మ ఆమెను చూసింది. చేద లోపలికి వదిలి, తాడు వేళ్లకు చుట్టుకుంటూ ఉండిపోయింది.

తాను పూర్తి అబద్ధమేమీ ఆడలేదని చెప్పుకొచ్చింది శౌరమ్మ. ఫాదర్ జంపఖానా చూసి ఎవరు నేశారని అడిగాడట. నేనూ నేశాను అందట. అది నిజమే. ఎవరి కోసం అని అడిగాడట. యాదగిరి పేరు నోటిదాకా వచ్చిందట. అప్పుడే గోడ మీద కొత్త సున్నం కింద, రాయప్ప ఏనాడో పిల్లలకు జపాలు నేర్పుతూ బొగ్గుతో గీసిన శిలువ కొంచెం కొంచెం కనబడిందట. ఇరవయ్యేళ్లు నేర్పినవాడి పేరు ఏడాదిలో ఆ గుళ్లో ఒక్కరి నోటా వినలేదట. ఆయన పేర పూజ చెప్పించే తాహతు తనకు లేదట. నోరు రాయప్ప అనేసిందట.

"నా చెయ్యి గూడ పడ్డది గదా అక్కా అండ్ల," అంది చివరికి. "అమ్మకు తెల్వదా ఎవల్ది ఎవల కోసమో?"

పోశవ్వకు కోపం రావలసింది. వచ్చింది కూడా. కానీ వానాకాలం నుంచీ ఆ పలక మీద భుజం భుజం రాసుకుని కూర్చున్నారు ఇద్దరూ. రాయప్ప సంగతులన్నీ ఆమె విన్నది. ఆయనకు అంబలిలో ఉల్లిగడ్డ ఇష్టమని కూడా తెలుసు.

"నన్ను అడుగుతె నేనియ్యకపోదునా?" అంది పోశవ్వ. "రాయప్పకు గూడ ఒకటి నేద్దామక్కా అని ఒక్కనాడన్న అంటె, అద్దంటనా? నూలు లేకుంటె నా చీరె చించి నేద్దు గదనే. అడుగకపోతివి. నా కొడుకుది గుంజుకుంటివి."

శౌరమ్మ తాడు వదిలేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇప్పుడే పోయి ఫాదర్ కాళ్ల మీద పడి ఉన్నదున్నట్టు చెప్పేస్తానంది. గది ఖాళీ చెయ్యమన్నా సరే, సాయంత్రం పూజలో యాదగిరి పేరు పలికిస్తానంది. రెండడుగులు వేసింది కూడా.

పోశవ్వ ఆమె రెక్క పట్టుకుని ఆపింది. ఆ పట్టులో మన్నింపేమీ లేదు. అక్కడ దేవుడికిచ్చిన దాన్ని వెనక్కి గుంజి ఇంకొకరికి ఇస్తే అది ఎవరికీ చెల్లదని ఆమెకు తెలుసు. ఒకసారి పలికాక కానుక అయిపోయినట్టే. పైగా అంతమంది నోట రాయప్పకు జపం చెప్పించాక, అదంతా అబద్ధమని అదే జనం ముందు తుడిచేస్తే చచ్చినవాడి ఉసురు ఎవరికి తగులుతుంది.

"చెప్పకు," అంది. "చెప్తె ఆయన పేరు పోతది, నా కొడుకు పేరు రాదు. ఉండనియ్యి."

అంతే అని వెనక్కి తిరిగింది. గుళ్లోకి వెళ్లలేదు. వసారాలో ఫాదర్ పిల్లలకు బెల్లం అప్పాలు పంచుతూ, ఎవరమ్మా నువ్వు అని పలకరించాడు. కొత్తవాడామెనని చెప్పి, అప్పం కళ్లకద్దుకుని, కొంగున ముడేసుకుని నడిచింది.

ఇంటికొచ్చేసరికి యాదగిరి చెప్పినట్టే శుద్ధంగా మంచం మీద కూర్చుని ఉన్నాడు. మొక్కు తీరిందా అని అడిగాడు. వాడి ముఖంలో వేళాకోళం లేదు. పోశవ్వ అప్పం విప్పి వాడి చేతిలో పెట్టింది. ఒళ్లు కాలుతోందేమో అని నుదుటి మీద, మెడ మీద చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉంది. మళ్లీ చూసింది.

"శౌరమ్మది తీరింది," అంది. "మనది ఇంక ఉన్నది."

వాడు గుచ్చి గుచ్చి అడిగితే మొత్తం చెప్పింది. వాడికి రోషం వచ్చింది, గుడికి పోయి అడుగుతానన్నాడు. నీకు లేవడానికే ఓపిక లేదు, ఎవర్ని అడుగుతావని కూర్చోబెట్టింది. ఆ పొద్దు ఆమె అన్నం ముట్టలేదు. కొడుకు దగ్గినప్పుడల్లా చేస్తున్న పని ఆపి, దగ్గు ఆగేదాకా వింటూ నిలబడేది.

మర్నాడు తెల్లారి పోశవ్వ మగ్గానికి కొత్త పడుగు ఎక్కించింది. సావుకారుకు ఇవ్వాల్సిన పనిని పక్కన పెట్టింది, అతనేమంటాడో తర్వాత సంగతి. నీలం నూలు లేదు. ఉన్న తెల్లనూలుతోనే మొదలు పెట్టింది. అంచు వేసుకుంటున్నప్పుడు వాకిట్లో అడుగుల చప్పుడైంది. శౌరమ్మ. రోజూ వచ్చే వేళకే వచ్చింది. పాత చీర, చేతిలో గట్క గిన్నె. గడప దాటలేదు. మగ్గం మీదికి ఎక్కిన పడుగును చూసింది. అదెవరి కోసమో ఆమెకు చెప్పనక్కర్లేదు.

"నేను కూసుంట అక్కా," అంది. "ఒక్కదానివి ఎట్ల నేస్తవు? యాదగిరితోని ఇంక కాదు గదా. నా తప్పుకు నా రెక్కలు అరగనియ్యి."

పోశవ్వ పంజా ఎత్తి పట్టుకుని ఉంది. పలక మీద పక్కన చోటు ఖాళీగానే ఉంది. యాదగిరి మంచం మీద నుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఒక్కతే నేస్తే వేసవి దాకా తెమలదని ముగ్గురికీ తెలుసు. అప్పటిదాకా మొక్కు మెడ మీద వేలాడుతూ ఉంటుందని పోశవ్వకు ఇంకా బాగా తెలుసు.

"అద్దు చెల్లె," అంది, తలెత్తకుండానే. "నీ చెయ్యి పడితె ఇది గూడ నీదే అయితది."

శౌరమ్మ చప్పుడు కాకుండా గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. పోశవ్వ తన వైపు సగం కొట్టింది. లేచి, పలక అవతలి కొసకు జరిగి కూర్చుని, రెండో సగం కొట్టింది.